ఒకే రూపాయికి రెండు గ్రేడ్లు వస్తే దేన్ని నమ్మాలి?

మీ తాతగారి నుంచి వచ్చిన జార్జి ఆరో చక్రవర్తి వెండి రూపాయికి ఒక గ్రేడింగ్ సంస్థ (నాణెం ఎంత బాగుందో చూసి 70లో అంకె వేసేది) ఎంఎస్ 62, అంటే చలామణిలో తిరగనిదని ఇచ్చిందని, మరో సంస్థ ఏయూ 58, అంటే కాస్త తిరిగినదని ఇచ్చిందని, దాంతో కొంటానన్న వ్యాపారి ధరను సగానికి దించేశాడని రాశారు. ఆ రెండు సంస్థల్లో ఏది మోసం చేసిందని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి ఎవరూ మోసం చేసినట్టు నాకు అనిపించడం లేదు. నాకైతే ఒకే సంస్థ ఒకే నాణేనికి రెండు గ్రేడ్లు ఇచ్చింది.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో 26 ఏళ్లు గుమాస్తాగా చేశాను. బ్రిటిష్ కాలపు రూపాయలు సేకరించడం అప్పటి నుంచీ ఉన్న అలవాటు. పట్నం బజారులో తెలిసిన వెండి దుకాణానికి కరిగించడానికి వచ్చిన పాత వెండిలో ఒకసారి 1938 నాటి రూపాయి కనబడింది. కాటాలో పెడితే 11.66 గ్రాములు, సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి ఉండే రకం. దుకాణదారు అలవాటు కొద్దీ దాన్ని గీటురాయి మీద గీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. దీపం కింద వంచి తిప్పితే మెరుపు రాజుగారి బొమ్మ చుట్టూ చక్రంలా తిరిగింది. చేతులు మారి బాగా అరిగిన నాణెం మీద ఆ మెరుపు మిగలదు.

గ్రేడింగ్‌కు పంపితే ఎంఎస్ 63 అని ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపారు. విజయవాడలో ఒక వ్యాపారి 8,000 ఇస్తానన్నాడు. నేను అమ్మలేదు. రెండేళ్ల తర్వాత 64 వస్తే ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతో పెట్టె పగలగొట్టి, ఆ రూపాయినే మళ్లీ అదే సంస్థకు పంపాను. ఈసారి ఏయూ 58 వచ్చింది. ఆ వ్యాపారే 3,500 దాటనన్నాడు. నాణేనికి ఈ రెండేళ్లలో గాలి కూడా సోకలేదు. ఆ రాత్రి భూతద్దం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

రాజుగారి కిరీటం పట్టీ మీద గోరు మొన అంత మేర మసకగా ఉంది. మొత్తం గొడవ అక్కడే ఉంది. నాణెం కొట్టేటప్పుడు అచ్చులోని లోతైన గుంటల్లోకి లోహం పూర్తిగా పాకకపోతే, ఎత్తుగా రావలసిన చోటు మొదటి రోజు నుంచే మొద్దుగా ఉంటుంది. చేతులు మారి అరిగినా మొద్దుబారేది ఆ చోటే, ఎందుకంటే అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది అదే. మొదటిదైతే టంకశాల లోపం, నాణెం చలామణిలోకి రానట్టే లెక్క. రెండోదైతే తిరిగినట్టు లెక్క. మసక పడిన చోట లోహం పైపొర అలాగే ఉండి మెరుపు కొద్దిగానైనా పాకి ఉంటే అచ్చు లోపమనీ, అక్కడ రంగు బూడిదగా మారితే అరుగుదల అనీ నిపుణులు తేలుస్తారు. పెద్ద సంస్థల్లో ఒకరికి మించి నిపుణులు విడివిడిగా చూస్తారు, కానీ ఒక్కో నాణెం మీద ఒక్కొక్కరి చూపు నిలిచేది కొన్ని క్షణాలే. మొదటిసారి చూసిన కన్ను దాన్ని అచ్చు లోపమనుకుంది, రెండోసారి చూసిన కన్ను అరుగుదల అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేనూ రెండు వైపులా ఊగాను.

వాడుకలో 58 దాటితే తర్వాతి మెట్టు 60. అరుగుదల ఉన్న నాణేలన్నీ ఇటు, లేనివన్నీ అటు. అందుకే గింజంత మసక మీద వచ్చిన అభిప్రాయ భేదం సగం ధరను పట్టుకుపోతుంది. విచిత్రం ఏమిటంటే, సంచిలో తోటి నాణేలతో కొట్టుకుని చెంప మీద గాట్లు పడిన ఎంఎస్ 60 కంటే, కాస్త ఒరుసుకున్నా మొహం శుభ్రంగా ఉన్న ఏయూ 58 కంటికి బాగుంటుంది. నాకు ఎప్పుడైనా రెండోదే కావాలి.

ఈ 70 మెట్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు సగం కోపం తగ్గుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం షెల్డన్ 1949లో ఆ దేశపు తొలి రాగి సెంట్ల కోసం దీన్ని తయారు చేశాడు. బాగా అరిగి, ఏ నాణెమో పోల్చుకోగలిగిన దాని విలువ ఒక డాలరు అనుకుంటే, మచ్చలేని దాని విలువ 70 డాలర్లు. అంటే అంకె పుట్టిందే ధరలో నుంచి. ఆ రాగి సెంట్ల ధరలు త్వరలోనే ఆ లెక్క దాటిపోయాయి, అంకెలు మాత్రం మిగిలిపోయి మన రూపాయల దాకా వచ్చాయి. అమెరికా గ్రేడింగ్ సంస్థలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలై నాణేలను పెట్టెల్లో మూసి అంకె వేయడం మొదలుపెట్టాక, ఇప్పుడు ధర అంకెలో నుంచి పుడుతోంది. ఒకే అంకె ఉన్న పెట్టెల్లో బాగున్నవీ బాగులేనివీ ఉంటాయని అమెరికా వ్యాపారులే ఒప్పుకున్నారు. 2007లో వచ్చిన సీఏసీ అనే అమెరికా సంస్థ వాటిని వేరు చేస్తుంది. ఇప్పటికే గ్రేడ్ అయిన నాణేన్ని మళ్లీ చూసి, ఆ అంకెకు నిజంగా తగినదైతే పెట్టె మీద ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తుంది.

యార్డులో నేను రోజూ చూసింది కూడా ఇదే. ఒకే రైతు తెచ్చిన తేజా రకం మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, ఇద్దరు వ్యాపారులు చెయ్యి పెట్టి కాయలు తీస్తారు. తేమ ఎంతో మీటరు చెబుతుంది, తూకం కాటా చెబుతుంది. వాటి మీద తగవు ఉండదు. రంగు దగ్గరికి వచ్చేసరికి ఒకరికి నిగనిగలాడిన కాయ ఇంకొకరికి కాస్త వాడినట్టు కనబడుతుంది, క్వింటాలుకు వందల్లో తేడా వస్తుంది. తాలు కాయను మాత్రం ఇద్దరూ తాలు అనే అంటారు. నాణేల్లోనూ అంతే. బరువు, వెండి పాలు కొలిచి చెప్పవచ్చు. నకిలీని, తోమిన నాణేన్ని ఏ మంచి నిపుణుడైనా దాదాపు ఒకేలా పట్టుకుంటాడు. గ్రేడింగ్ సంస్థకు రుసుము కట్టడం వృథా అని నేను అననిది అందుకే. పెట్టె ఇచ్చే గొప్ప భరోసా అసలా నకిలీనా అన్నదాని మీద. అంకె 62 అవుతుందా, 63 అవుతుందా అన్నది మాత్రం చూసిన మనిషి చూపు.

ఇక మీ రూపాయి సంగతి. మూడోసారి పంపవద్దు. ఎంఎస్ గ్రేడ్ తెప్పించుకోవాలని నేను కట్టిన రుసుములు, కొరియరు ఖర్చులు కలిపితే నాకు చాలా నష్టమే మిగిలింది. ఇలాంటి మామూలు సంవత్సరాల రూపాయలకు ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. అమ్మదలచుకుంటే పెట్టె మీది అంకె చెప్పకుండా, నాణెం ఒక్కటే కనబడేలా ముగ్గురు వ్యాపారులకు చూపించండి. మధ్యలో వచ్చిన ధర దగ్గర ఆగండి.

శ్రావణమాసంలో మీ అమ్మగారు దాన్ని పూజలో పెట్టి చింతపండుతో తోమేవారని మీరు చివర్లో రాసిన మాట నన్ను కలవరపెట్టింది. ఎంత మెత్తగా తోమినా సన్నని గీతలు పడతాయి, దీపం కింద అవన్నీ ఒకే దిక్కుకు మెరుస్తాయి. అలాంటి గీతలు గుర్తిస్తే సంస్థలు అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని మాత్రమే రాస్తాయి. మీకు రెండు చోట్లా అంకె వచ్చిందంటే తోమినది ఇంకో రూపాయి అయి ఉండవచ్చు, అమ్మగారిని అడగండి. ఇకపై మాత్రం పసుపు కుంకుమ అంటినా నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలేయండి. రుద్దవద్దు.

ఇంట్లో ఇంకా పాత నాణేలు ఉన్నాయన్నారు. వందేళ్లు నిండిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని గ్రేడింగ్ కోసమైనా సరే, సొంతంగా విదేశాలకు పంపడం నేరం. ఎవరైనా ఏజెంటు పంపిస్తానన్నా ఇవ్వకండి.

మీ రూపాయి కిరీటం పట్టీని పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. మసక మీదుగా మెరుపు పాకుతోందో లేదో చూసి నాకు తోచింది చెబుతాను.