బార్సిలోనాలో మూడు కట్టడాలు చాలు

చిరంజీవి శ్రావణికి,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఒక్క రోజులో ఏడు కట్టడాలంటే అన్నీ గేటు దగ్గర ఫొటోలతోనే సరిపోతాయమ్మా. మూడు చూడు, తీరిగ్గా చూడు.

ముందు సగ్రడా ఫమీలియా చర్చి. టైమ్ స్లాట్ ఉన్న టికెట్టు ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది కాబట్టి ఇవాళే బుక్ చెయ్యి. పొద్దున తూర్పు అద్దాల్లోంచి నీలం, ఆకుపచ్చ వెలుగు పడుతుంది. పొద్దు వాలేటప్పుడు పడమటి అద్దాల్లోంచి ఎరుపు, నారింజ రంగులు స్తంభాల మీదికి పాకుతాయి. నన్నడిగితే ఆ వేళే వెళ్ళమంటాను. డిసెంబరులో త్వరగా చీకటి పడుతుంది, మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే స్లాట్ తీసుకో. అది ప్రార్థనాలయం, భుజాలు కప్పే బట్టలు వేసుకో.

లోపలికి వెళ్ళగానే ఫోన్ తియ్యకు. కూర్చుని, ఒకే ఒక్క స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూడు. పైకి పోయేకొద్దీ చెట్టులా కొమ్మలుగా చీలుతుంది. సివిల్ చదివినదానివి, అది అందం కోసమే కాదని నీకు ఇట్టే అర్థమవుతుంది. పాత గోథిక్ చర్చిల్లో కప్పు బరువుకు గోడలు బయటికి ఒరగకుండా వెలుపల రాతి ఆసరాలు కట్టేవారు. ఈ చర్చి రూపశిల్పి గౌడీ, బరువు దిగే దారిలోనే స్తంభాల్ని వంచి, ఆ ఆసరాలే అక్కర్లేకుండా చేశాడు. ఆయనే డిజైన్ చేసిన మరో చర్చి, కొలోనియా గ్వెల్ చర్చికైతే దారాలకు చిన్న బరువు సంచులు వేలాడదీసి, ఆ ఆకారాన్ని తలకిందులు చేసి డిజైన్ పట్టుకున్నాడు. అలాంటి నమూనా కింద మ్యూజియంలో ఉంది, వదలకు. 1882లో మొదలైన సగ్రడా ఫమీలియా పనిని గౌడీ మరుసటి ఏడాది చేతిలోకి తీసుకున్నాడు. 1926లో ట్రామ్ గుద్ది పోయేదాకా వదల్లేదు. సమాధి కూడా అక్కడే, నేలమాళిగలో.

రెండోది సాంత్ పావ్ ఆసుపత్రి. చర్చి నుంచి పది నిమిషాల నడక, జనం తక్కువ. డొమెనెక్ ఇ మొంటనేర్ డిజైన్. 2009 దాకా అక్కడ వైద్యం జరిగింది. తోట మధ్య విడివిడి భవనాలు, రోగుల్ని తీసుకెళ్ళడానికి భూమి కింద దారులు. రోగికి ఎండా గాలీ అందాలని అంతగా ఆలోచించి కట్టిన ఆసుపత్రి నేను మరొకటి చూడలేదు.

మూడోది కాసా బట్యో, గౌడీ తీర్చిదిద్దిన ఇల్లు. టికెట్టు ఖరీదే, అయినా లోపలికి వెళ్ళు. మధ్యలో వెలుతురు కోసం వదిలిన బావిలాంటి జాగా ఉంటుంది. దాని టైల్స్ పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ లేత. కిటికీలు పైన చిన్నవి, కింద పెద్దవి. కింది అంతస్తుకూ వెలుగు సరిగ్గా అందాలని.

పార్క్ గ్వెల్ కొండ మీద ఉంది, ఓపికుంటేనే. మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. బ్యాగు ముందుకు వేసుకో, పాస్‌పోర్టు రూములో లాక్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న