మొదటి సూదికి జ్వరం వచ్చిందని రెండోది ఆపొద్దమ్మా

ఆరు వారాల టీకాకి పాపకి జ్వరం వచ్చి తొడ గట్టిపడిందని, మీ అత్తగారు ఇంక సూదులే వద్దంటున్నారని, పది వారాలది మానేస్తే ఏమవుతుందని అడిగారు కదా. మాది కనిగిరి వైపు. నా ఇద్దరు పిల్లలకీ టీకాలన్నీ సబ్ సెంటర్లోనే వేయించాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా, మానొద్దు.

ఆరు, పది వారాలకి వేసే ఆ పెంటావాలెంట్ సూదిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా, మెదడువాపు తెచ్చే ఒక క్రిమి) అని ఐదింటికి మందు ఉంటుంది. జ్వరం ఎక్కువగా అందులోని కోరింత దగ్గు మందు వల్లే వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మా పెద్దోడికి ఆ రాత్రి ఒళ్ళు కాలిపోయింది, తెల్లారేదాకా చంక దిగలేదు, తొడ మీద ఉసిరికాయంత గడ్డ కట్టి చాలా రోజులు ఉండి దానంతటదే కరిగింది. ఇంట్లో పెద్దవాళ్ళు పసుపు పట్టు వేద్దామన్నారు, కాపడం పెడదామన్నారు, నర్సమ్మ మాత్రం రుద్దొద్దు, ఏమీ పూయొద్దు, తడిగుడ్డ వేయండి చాలు అంది. జ్వరానికి పారాసెటమాల్ చుక్కలు పాప బరువును బట్టి ఎన్నో ఆవిణ్ణే అడిగి రాయించుకోండి, అంచనా మీద పోయొద్దు.

ప్రమాదమే లేదని నేను అనను. ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరి అందని తీవ్రమైన అలర్జీ దాదాపు పది లక్షల డోసుల్లో ఒకరికి రావచ్చు, వస్తే ఎక్కువగా కాసేపట్లోనే వస్తుంది, అరగంట కూర్చోమనేది అందుకే, ఎండ ఎక్కుతోందని లేచి వచ్చేయకండి. మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాప వాలిపోయి పాలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మొదటి సూదికి ఇలాంటివి జరిగి ఉంటే మాత్రం రెండోదానికి ముందు పిల్లల డాక్టరుకి చూపించాలి. ఉత్త జ్వరం, వాపు అయితే ఆపడానికి అది కారణం కాదు.

ఇక మానేస్తే ఏమవుతుందంటే, మా వీధిలో ఒక కుటుంబం బేల్దారి పనికి బెంగుళూరు పోయి ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయారు, పెద్ద బిడ్డకి తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడలేదు. ఊరికి వచ్చాక ఆ బిడ్డకి తట్టు పోసింది. ఇంట్లో ఇంకా టీకా వయసే రాని చంటిదానికి కూడా అంటుకుని, న్యుమోనియా దాకా పోయి ఒంగోలులో ఆక్సిజన్ మీద పెట్టారు. బతికింది, దేవుడి దయ. రక్షణ లేని వాళ్ళ మధ్య తట్టు ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది, అందుకే ఊళ్ళో నూటికి 95 మందికి టీకా పడితే గానీ అలాంటి చంటిపిల్లలకి కాపుదల ఉండదు. మీ పాప సూది మీ పాప ఒక్కదాని కోసమే కాదు.

మా మేనమామకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఇప్పటికీ కుడి మోకాలి మీద చెయ్యి ఆనించి అడుగేస్తాడు. మన పిల్లల ఈడులో అలాంటివాళ్ళు ఎందుకు కనపడటంలేదో మీ అత్తగారిని ఒకసారి ఆలోచించమనండి. దేశంలో సహజంగా పాకే (వైల్డ్) పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014లో పోలియో లేని దేశమని ప్రకటించారు. చుక్కల మందు వల్లే అది సాధ్యమైంది.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి, టీకా రోజు వెంటబెట్టుకుని పోండి, మా వైపు బుధ, శనివారాల్లో వేస్తారు. ఆమె భయం ఆమెనే నర్సమ్మకి చెప్పనివ్వండి, మన మాట కంటే ఆ మాట వింటారు. పది వారాలు దాటినా టెన్షన్ పడొద్దు, మళ్ళీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటి నుంచే వేస్తారు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు వారాలుంటే చాలు. పోయినసారి వచ్చిన జ్వరం సంగతి సూది వేయకముందే చెప్పండి. తల్లీబిడ్డల కార్డు రెండు పక్కలా ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, ఆ బెంగుళూరు వాళ్ళ కార్డు పోయి ఏది పడిందో ఏది పడలేదో తేల్చుకోలేక చాలా తిప్పలు పడ్డారు.