పాప పుస్తకం చదువుతూ కన్నీళ్లు పెట్టుకునే తండ్రికి

రాజాం నుంచి ఉత్తరం రాసిన సోదరునికి,

రెండో తరగతి చదివే పాపకు రాత్రిపూట ఏడు చేపల కథ చదివి వినిపిస్తుంటే గొంతు పూడుకుపోతున్నదని, ఆమె నిద్రపోయాక కూడా పిల్లల గేయాలు ఒక్కరే చదువుకుంటున్నారని, అది చూసి మీ భార్య భయపడుతుంటే తమ్ముడు నవ్వుతున్నాడని, 44 ఏళ్ల వయసులో ఇది మనసు బలహీనతేమోనని రాశారు.

ఇది బలహీనత కాదు. నిరుడు మీ అమ్మగారు పోయినప్పుడు పెద్దకొడుకుగా పన్నెండో రోజు వరకూ పనులన్నీ మీరే చూసుకున్నారని, ఏడవడానికి తీరిక దొరకలేదని కూడా మీరే రాశారు. ఆ కథ మీరు మొదట విన్నది ఆమె నోటనే కనుక, అప్పుడు ఆగిన దుఃఖం ఇప్పుడు ఆ మాటల వెంట వస్తున్నది.

ఆ కథను ఒకసారి పెద్దవారిగా చూడండి. ఎండని చేప గడ్డిమేటు మీద నెపం పెడుతుంది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీద. అడుగుతూ పోగా చివరికి తేలేది ఒక చీమ కాటు, ఆ చీమకూ తన పుట్టను కాపాడుకోవలసిన అవసరం. పిల్లలకిది నవ్వు పుట్టించే గొలుసే కావచ్చు. ఎన్నో కుటుంబాల గొడవలు విన్న నాకు మాత్రం, విసుక్కున్న మనిషి దగ్గరే ఆగిపోకుండా ‘ఎందుకు’ అని ఇంకొక్కసారి అడిగే ఓర్పు ఇందులో కనిపిస్తుంది. మీ తమ్ముడి నవ్వు వెనక కూడా తల్లిని పోగొట్టుకున్న బాధే ఉండవచ్చు. పైగా, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూ తరువాతి మాట ముందే తెలిసి ఉండడం అలసిన మనసుకు పెద్ద ఊరట. నవల నాలుగు పేజీలు సాగని రోజున కూడా నాలుగు పాదాల గేయం పూర్తవుతుంది.

ఇది పెద్దల పని కాదనుకోకండి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, అంత పండితులై ఉండి, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని వారి పాటలను, కథలను శ్రద్ధగా సేకరించారు.

కన్నీళ్లను పాప దగ్గర దాచవద్దు. అడిగితే నాయనమ్మ గుర్తుకొచ్చిందని చెప్పండి. ఒక రాత్రి మీ భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. నిద్ర, ఆకలి వారాల తరబడి సరిగా లేకపోతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. దానికి రుసుము లేదు.

అమ్మగారు చెప్పిన తీరు పుస్తకంలో లేదని, మధ్య మాటలు మరిచిపోయానని బాధపడ్డారు. అవి మీ పిన్నిగారికి గుర్తుండవచ్చు. ఈ ఆదివారం పాపను వెంటబెట్టుకుని, ఒక నోటుపుస్తకంతో ఆమె దగ్గరకు వెళ్లండి.