అప్‌డేట్లు బంద్ పెట్టాలా?

ప్రశ్న: పరకాలలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. ఒక కంప్యూటర్‌లో విండోస్ 10, ఇంకోదాంట్లో విండోస్ 7 ఉన్నాయి. హాల్‌టికెట్ల కోసం పిల్లలు లైన్ కట్టిన టైంలో అప్‌డేట్ అంటూ దానంతటదే రీస్టార్ట్ అయింది. అప్పటి నుంచి అప్‌డేట్లు బంద్ పెట్టాను. ‘అప్‌డేట్లే కంప్యూటర్లను ఖరాబు చేస్తాయి, 2024లో విమానాలే ఆగిపాయె’ అంటాడు మా బావ. తమ్ముడేమో వేసుకోవాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడి మాటే వినండి. బావ చెప్పింది కూడా జరిగిందే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక తప్పుడు ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. కానీ అది మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) కాదు. పెద్ద పెద్ద సంస్థలు కొనుక్కునే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌ది. మీ షాపులో అది ఉంటుందనుకోను.

బావ లెక్కలోకి రానిది ఇంకోటుంది. ప్యాచ్ విడుదలైందంటే దొంగలకూ కబురందినట్టే. పాత ఫైల్‌నూ కొత్త ఫైల్‌నూ పోల్చి చూస్తారు. ఎక్కడ మారిందో అక్కడే కంత. ఇక వాళ్లు వెతికేది ప్యాచ్ వేసుకోనివాళ్లనే.

2017 మార్చి 14న విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపానికి ప్యాచ్ వచ్చింది. ఆ కంతలోంచి దూరే పనిముట్టు ఏప్రిల్‌లో బయటపడింది. మే 12న వానాక్రై అనే వైరస్ దాడి మొదలైంది. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. వేసుకోవడానికి రెండు నెలల టైం ఉండె! దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7వే.

మీ అసలు టెన్షన్ రీస్టార్ట్ గురించి కదా. సెట్టింగ్స్‌లో ‘యాక్టివ్ అవర్స్’ పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా పెట్టండి, ఆ టైంలో దానంతటది రీస్టార్ట్ కాదు. నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకు అప్పటికి రాత్రి. పరీక్షల సీజన్‌లో ఓ వారం ‘పాజ్’ చేసుకోండి, తప్పులేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పొడిగింపు పథకంలో చేరితేనే ప్యాచ్‌లు వస్తాయి. లేదంటే, మెషీన్ తట్టుకుంటే, 11కి మారండి.

విండోస్ 7కి 2020 జనవరి 14తోనే సపోర్ట్ ముగిసింది. దానికి నెట్ కేబుల్ పీకేసి, ఉత్త స్కానింగ్‌కూ ప్రింట్లకూ వాడుకోండి. గిరాకీ తెచ్చే పెన్‌డ్రైవ్‌లతోనూ వైరస్ వస్తుంది. హన్మకొండలో నేను చూసిన సెంటర్లలో డెస్క్‌టాప్ మీద ‘ఆధార్ న్యూ’, ‘ఆధార్ న్యూ 2’ అని ఫోల్డర్లుంటాయి, ఊరందరి కార్డులూ అందులోనే! మీ దగ్గరా ఉంటే ఈ రోజే డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్‌తో సహా.