సబ్సిడీ వస్తుందని గదులు కట్టకండి

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో ఒక పల్లె. బాసర మాకు దగ్గర. నాలుగున్నర ఎకరాల్లో సోయా, కంది, రబీలో జొన్న వేస్తాం. నేను ధర్మాబాద్‌లో ఎరువుల దుకాణంలో పని చేస్తాను, జీతం 14,000. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 20,000. దాచుకున్నది 60,000. ఉద్యోగం మానేసి, బాసర యాత్రికుల కోసం పొలంలో మూడు గదులు కట్టి కృషి పర్యటన కేంద్రం (పొలం చూడవచ్చే అతిథులకు బస, భోజనం ఇచ్చే చోటు) పెట్టాలని ఉంది. 9 లక్షలవుతుంది. పంట రుణం 3 లక్షలు, భార్య బంగారం మీద 2.5 లక్షలు తీసుకుంటాను. మిగతా 3.5 లక్షలు తెలిసిన సావుకారు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. సబ్సిడీ రాగానే తీర్చేస్తాను. సిమెంటు దుకాణంలో 10,000 అడ్వాన్స్ కూడా ఇచ్చాను. మీ సలహా చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో 'సబ్సిడీ రాగానే' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. డైరీ పెట్టినవాళ్లు, కోళ్ల షెడ్డు వేసినవాళ్లు ఇదే మాట నమ్ముకుని వడ్డీల్లో కూరుకుపోవడం చాలాసార్లు చూశాను. అందుకే మీ జవాబు అందరూ చదివేలా ఇక్కడే రాస్తున్నాను.

మహారాష్ట్ర 2020లో తెచ్చిన కృషి పర్యటన విధానం మంచిదే. ఎకరం భూమి ఉన్న రైతు కూడా పర్యాటక శాఖలో నమోదు చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో బ్యాంకులో అప్పు అడగవచ్చు, పన్నుల్లో, కరెంటు సుంకంలో కొంత వెసులుబాటు ఉంటుంది. అంతేగానీ గది కట్టుకోమని మీ చేతిలో డబ్బు పెట్టే పథకం కాదది. 2025 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. అదీ అప్పే. నిజంగా సబ్సిడీ ఉన్న పీఎంఈజీపీ (కేంద్రం స్వయం ఉపాధి పథకం) లాంటిదాంట్లోనైనా ముందు బ్యాంకు అప్పు మంజూరు కావాలి. ఆ తర్వాత సబ్సిడీ సొమ్ము మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, చివరికి ఆ అప్పులోనే సర్దుబాటవుతుంది. సావుకారుకు కట్టడానికి అందులోంచి ఒక్క రూపాయి మీ చేతికి రాదు.

ఇప్పుడు వడ్డీ లెక్క చూడండి. మూడున్నర లక్షలకు రెండు రూపాయల చొప్పున నెలకు 7,000. బంగారం మీద ఇంకో 2,000 వేసుకోండి. ఒక గదికి వెయ్యి తీసుకుని, భోజనం, దుప్పట్ల ఉతుకుడు, కరెంటు పోగా 500 మిగిలిందనుకున్నా, నెలలో 18 సార్లు గది నిండితే గానీ వడ్డీ తీరదు. అసలు అసలుగానే ఉంటుంది. పైగా బాసరకు జనం పోటెత్తేది వసంత పంచమికి, నవరాత్రులకు. మే ఎండల్లో, జూన్ వానల్లో మీ పొలానికి ఎవరొస్తారు? విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు మీద పడేది కూడా సరిగ్గా అప్పుడే. పంట రుణం సమయానికి కడితే 4 శాతానికో, అంతకన్నా తక్కువకో పడుతుంది. దాన్ని గోడల్లో పెట్టి గడువు దాటించారంటే ఆ రాయితీ పోతుంది, వచ్చే ఖరీఫ్‌కు మళ్లీ సావుకారు గుమ్మమే.

నేను పదే పదే చెప్పేది అత్యవసర నిధి గురించి. మీకు మరీ గట్టిగా చెబుతున్నాను. మీ 60,000 అంటే మూడు నెలల తిండి. ఉద్యోగంలో ఉంటే ఆరు నెలల ఖర్చు, అంటే 1.2 లక్షలు ఉండాలి. మానేస్తే ఏడాదిది, 2.4 లక్షలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పర్యాటకం మీద బతికేవాళ్లకు రాత్రికి రాత్రి రాబడి ఆగింది. బ్యాంకు కిస్తీలు కొన్నాళ్లు వాయిదా పడినా వడ్డీ ఆగలేదు. బంగారం ఉందిగా అంటారేమో. దాన్ని మొదటి రోజే తాకట్టు పెట్టేస్తే, అమ్మగారిని అర్ధరాత్రి నాందేడ్ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే మీ చేతిలో ఏముంటుంది? ఈసారి సోయా డబ్బు రాగానే ముందు ఈ నిధిలో వేయండి. అది నిండేదాకా జీతం వదలకండి.

అలాగని మీ ఆలోచన పక్కన పెట్టమనడం లేదు. మీ పొలంలో రబీ జొన్న ఉంది. చలికాలంలో పాలకంకులు పిడకల నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి, వెల్లుల్లి కారంతో పెట్టే ఊచబియ్యం కోసం మరాఠ్వాడాలో జనం కుటుంబాలతో పొలాలకు వస్తారు. వాళ్లు హుర్డా అంటారు. ఆ కాలం వసంత పంచమి దాకా సాగుతుంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించుకుని తిరిగి వెళ్లే కుటుంబాలు దారిలో ఓ పూట మీ చేను దగ్గర ఆగితే చాలు. దానికి గదులు అక్కర్లేదు. చెట్టు నీడ, తాటాకు పందిరి, మంచినీళ్లు, శుభ్రమైన రెండు మరుగుదొడ్లు ఉంటే సరిపోతుంది. ఆదివారాలు మాత్రమే పెట్టండి. రెండు సీజన్లు చూసి, పుస్తకంలో రాసిన లెక్క పట్టుకుని గదుల కోసం బ్యాంకుకు వెళ్లండి. సాత్‌బారా (భూమి హక్కు పత్రం) ఎవరి పేరున ఉందో ఈలోగా చూసుకోండి. మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి, అతిథులకు ప్రమాదం జరిగితే వర్తించే బీమా గురించీ అడగండి.

సావుకారు కాగితం మీద సంతకం చేశానని ఎక్కడా రాయలేదు. చేయకండి. సిమెంటు దుకాణంలో మీ 10,000 వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ డబ్బుకు వచ్చిన సిమెంటుతో ముందు మీ పొలంలో బావి ఉంటే దాని చుట్టూ పిల్లలు ఎక్కలేనంత ఎత్తు గోడ, తర్వాత ఆ రెండు మరుగుదొడ్లు కట్టించండి.