ముందు ప్రోటీన్, ఆ తర్వాతే ఉప్పు

ప్రశ్న: సిట్రేట్ పూత ఉన్న 20 నానోమీటర్ల బంగారు కణాలు (ఓడీ, అంటే కాంతిని అడ్డుకునే కొలత, 1) ఒక మి.లీ. తీసుకుని, 2 మైక్రోగ్రాముల బీఎస్ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) ఉన్న పీబీఎస్ (ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్) ఒక మి.లీ. కలిపాను. ఎర్రని ద్రావణం కాసేపట్లోనే వంకాయ రంగుకు, ఆపైన నీలానికి తిరిగింది. రెండింటిదీ రుణావేశమే కాబట్టి అంటుకోలేదా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక

జవాబు: ఆవేశాన్ని నిందించకండి. బీఎస్ఏ మొత్తమ్మీద రుణావేశితమే అయినా, దాని ఒంటిమీద అక్కడక్కడ లైసిన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) ధనావేశంతో ఉంటాయి. అవి సిట్రేట్‌ను పట్టుకుంటాయి. మీ దగ్గర తప్పులు రెండు.

మొదటిది పీబీఎస్. అందులోని ఉప్పు సిట్రేట్ ఆవేశాన్ని కప్పేస్తే, కణాలను దూరంగా ఉంచే బలం పోయి అవి గుంపు కడతాయి, రంగు నీలానికి తిరిగేది అందుకే. రెండోది ప్రోటీన్ మోతాదు. లెక్క వేయండి: మీ మి.లీ.లో సుమారు 70 వేల కోట్ల కణాలు. వాటిని ఒక్క వరుస కప్పాలన్నా 3–4 మైక్రోగ్రాములు కావాలి. రెండు వేస్తే సగం ఒళ్లు బయటే!

ఇలా చేయండి. బీఎస్ఏను మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున 2 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో, పీహెచ్ 7.4 దగ్గర కరిగించండి. పీహెచ్ 4.7 దరిదాపులకు పోవద్దు, అక్కడ బీఎస్ఏకి నికర ఆవేశమే ఉండదు. 100 మైక్రోలీటర్లను 1 మి.లీ. బంగారంలో ఒక్కసారిగా వేసి కలపండి. చుక్కచుక్కగా వేస్తే మొదటి చుక్క తాకిన కణాలే ప్రోటీన్ అంతా తీసుకుంటాయి. అరగంట తర్వాత కొంత వేరే గొట్టంలోకి తీసి, దానిలో పదో వంతు 10 శాతం ఉప్పునీళ్లు పోయండి. పది నిమిషాలకూ ఎర్రగానే ఉంటే పూత నిండినట్టే. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున మెత్తగా జారే ఎర్ర చుక్క కనిపించాలి. గోడకంటుకున్న నల్లటి పొర వస్తే పారేయండి.

అన్నట్టు, గాజుసామాను బోరు నీళ్లతో కడిగి వదిలేయకండి. గీజర్ కాయిల్‌కు పేరుకునే తెల్లపొర చూస్తున్నారుగా! ఆ కాల్షియం ఉప్పుకన్నా మొండిది, కొద్దిగా ఉన్నా కణాలను గుంపు కట్టిస్తుంది.

ప్రశ్న: పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పూసిన కణాలకు ప్రోటీన్ అంటట్లేదు. పూత చెడిందా?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: బాగా కుదిరింది! పెగ్ గొలుసులు నీళ్లను గట్టిగా పట్టుకుని ప్రోటీన్‌ను దగ్గరికి రానివ్వవు. యాంటీబాడీ అతికించాలంటే కార్బాక్సిల్ కొస ఉన్న పెగ్‌ను మామూలు పెగ్‌తో కలిపి పూసి, ఈడీసీ, సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్ అనే అతికింపు రసాయనాలతో పీహెచ్ 6 దగ్గర ఉత్తేజపరచండి. ట్రిస్, గ్లైసిన్ బఫర్లు వాడారో, యాంటీబాడీ బదులు అవే అతుక్కుంటాయి.