ఐదేళ్ల సర్వైవల్ అంటే ఐదేళ్లే బతుకుతారని కాదు

ప్రశ్న: మా అక్కయ్యకు 48 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. రిపోర్టులో గడ్డ 2.4 సెం.మీ., గ్రేడ్ 2, లింఫు గ్రంథులు 1/14, ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని రాశారు. నెట్‌లో చూస్తే ఐదేళ్ల సర్వైవల్ 87 శాతం అని ఉంది. అంటే ఐదేళ్లే బతుకుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: కాదమ్మా, అలా అస్సలు కాదు. ఐదేళ్లు అన్నది లెక్క కట్టడానికి మేం పెట్టుకున్న గడువు, అంతే. మీరు చూసిన 87 శాతం అమెరికా లెక్క. క్యాన్సర్ చంకలోని గ్రంథుల దాకా వచ్చినవాళ్లను అదే వయసులో ఆ జబ్బు లేని ఆడవాళ్లతో పోల్చి, ఐదేళ్ల తర్వాత ఎంతమంది ఉన్నారో చూసి చెప్పే అంకె అది. వాళ్లలో చాలామంది ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి హాయిగా ఉంటారు.

పైగా ఆ ఒక్క అంకెలో అన్ని రకాల వాళ్లూ కలిసిపోయి ఉంటారు. ట్రిపుల్ నెగెటివ్ రకం, అంటే ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) పరీక్షలు మూడూ నెగెటివ్ వచ్చినది, గ్రంథులకు పాకితే అదే లెక్క మూడింట రెండు వంతుల దగ్గరికి పడిపోతుంది. మీ అక్కయ్యది ఆ రకం కాదు. 1/14 అంటే తీసి చూసిన 14 గ్రంథుల్లో ఒక్కదాంట్లోనే జబ్బు కనిపించిందని, నాలుగింట్లోనో పదింట్లోనో ఉంటే మాట వేరు.

ఆ రిపోర్టులో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది ఈఆర్, పీఆర్ పాజిటివ్ అన్న లైను. అంటే గడ్డ ఆడ హార్మోన్ల సాయంతో పెరిగే రకమని. ఈ రకానికి ఆ హార్మోన్లను అడ్డుకునే మాత్రలు పనిచేస్తాయి. టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే ఈ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నెలసరి ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి ఏ మాత్రో డాక్టర్ చెబుతారు, కీమో కావాలా వద్దా అన్నది కూడా ఆయన్నే అడగండి.

నా బాధల్లా ఒకటే, ఒంట్లో వేడి ఆవిర్లు వస్తున్నాయనో కీళ్లు నొప్పులనో రెండేళ్లకే మాత్రలు మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి అలా చేయనివ్వకండి, ఇబ్బంది ఉంటే డాక్టర్‌కి చెబితే మందు మారుస్తారు. ఈ రకం ఐదేళ్లు దాటాక కూడా తిరగబెట్టవచ్చు, అందుకే ఒంట్లో బాగానే ఉన్నా చెకప్‌లు ఆపకూడదు.

ఇంకో మాట. తోడబుట్టిన అక్కకు వచ్చింది కాబట్టి మీకూ ముప్పు కొంత ఎక్కువే. మామోగ్రామ్ ఎప్పటినుంచి చేయించుకోవాలో, మీ ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యు పరీక్ష అవసరమో కాదో, ఈసారి అక్కయ్యతో వెళ్లినప్పుడే అడిగి రండి.